ఔవా వారంలో ఎర్రమట్టి ఫైనల్

మా అలెగ్జాండ్రియాలో చలికాలం గాలివానలన్నిటికీ పేర్లుంటాయి. ఏది ఎప్పుడొస్తుందో చేపలమ్మేవాళ్ళ దగ్గర్నుంచి బడిపిల్లల దాకా అందరికీ నోటికి వచ్చు. ఆఖరిది ఔవా. మార్చి చివర్లో వచ్చి, సముద్రాన్ని ఎత్తి ట్రామ్ పట్టాల మీద పోసి పోతుంది. "ఔవా పోయాక ఇంక గాలివాన లేదు" అంటారు మావాళ్ళు. అందుకే మా సముద్రం కప్పు టెన్నిస్ టోర్నమెంటు ఎప్పుడూ ఔవా వెళ్ళాకే మొదలయ్యేది, ఫైనల్ ఎప్పుడూ శుక్రవారమే, జుమ్మా నమాజు అయ్యాక. ఈ టోర్నమెంటు నడిపే మా కోచ్ కెప్టెన్ లుత్ఫీ వాళ్ళ నాన్న పాత బంగళాల పైకప్పు పెంకులు పొడి కొట్టించి మా క్లబ్బులో మొదటి కోర్టు వేయించిన రోజు నుంచీ అంతే.

లుత్ఫీయే ఆ పద్ధతి తప్పాడు. నాకు రాకెట్ పట్టుకోడం నేర్పింది ఆయనే, నా మోకాలు పోయాక అంపైర్ కుర్చీ ఎక్కించింది కూడా ఆయనే, అందుకని ఈ మాట అనడానికి నాకే ఎలాగో ఉంది. కానీ నిజం. మా టోర్నమెంటుకి అంతర్జాతీయ ర్యాంకింగ్ పాయింట్లు కావాలని పట్టుపట్టి అడిగాడు, ఆ పాయింట్లిచ్చే సంఘంవాళ్ళేమో ఖాళీగా ఉన్నది ఈ వారమొక్కటే అన్నారు. అది ఔవా వారం! "ఒక్కోసారి ఆలస్యంగా వస్తుందిలే" అని సంతకం పెట్టేశాడు. అలెగ్జాండ్రియాలో పుట్టి ఔవాతో పందెం కాశాడండీ మనిషి!

మొదటి ఏడాది ఫైనల్ వానలో కొట్టుకుపోయింది. రెండో ఏడాది ఫైనల్ రోజున ఆ సంఘం నుంచి ఒక సూపర్‌వైజర్ వచ్చాడు, మర్యాదగానే చెప్పాడు. ఇవాళ చీకటిపడేలోపు విజేత తేలకపోతే టోర్నమెంటు జాబితాలోంచి పోతుంది, అంతే. పాయింట్లు లేకపోతే ఆటగాళ్ళు రారు, ఆటగాళ్ళు రాకపోతే క్లబ్బువాళ్ళు ఆ కోర్టుల మీద పెళ్ళిళ్ళ హాలు కట్టేస్తారు. ఇది అందరికీ తెలుసు.

ఆ ఫైనల్‌కి అంపైర్ని నేనే.

ఒకవైపు మా హాజిమ్, మా వీధివాడే. అవతల ట్యునీషియా నుంచి వచ్చిన అనీస్. మూడో సెట్, ఐదు-నాలుగు, హాజిమ్ సర్వీసు, అడ్వాంటేజ్ హాజిమ్. ఇంకొక్క పాయింటు, కప్పు వాడిదే. సముద్రం వైపు ఆకాశం సీసంలా ఉంది. గాలికి ఎర్రమట్టి లేచి పళ్ళ మధ్య కరకరలాడుతోంది.

"ఒరేయ్ అనీసూ, మీ ఇంట్లో కుస్కుస్ చల్లారిపోతోందిరా, ఓడిపోయి తొందరగా వెళ్ళు!" అని గ్యాలరీలోంచి ఎవరో అరిచారు.

"మా అమ్మ మళ్ళీ వేడి చేస్తుంది, మీ వీధిబండి కుషరీలాగా చల్లగా పెట్టదు!" అని అనీస్ తిరిగి అరిచాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం మబ్బు వైపే చూస్తున్నాను.

హాజిమ్ సర్వీస్. అనీస్ తిరగ్గొట్టాడు. మళ్ళీ, మళ్ళీ. అప్పుడు హాజిమ్ ఒళ్ళంతా తిప్పి ఒక్కటి బాదాడు. బంతి వెనక లైను దగ్గర పడి లేచింది. లైన్‌మన్ రెండు చేతులూ కిందికి చాచాడు, అంటే లోపలే. గ్యాలరీ అంతా లేచి నిలబడింది! పొద్దుతిరుగుడు గింజల పొట్లాలు గాల్లోకి ఎగిరాయి, హాజిమ్ మోకాళ్ళ మీద పడిపోయాడు.

అనీస్ కదల్లేదు. రాకెట్ కొసతో నేలని చూపించాడు. "అక్కా, ఒక్కసారి దిగి చూడు."

మట్టి కోర్టు మీద బంతి గుర్తు ఉంటుంది. ఆటగాడు దాన్ని కాలితో చెరిపేస్తే ఒప్పుకున్నట్టు. చెరపకపోతే అంపైర్ దిగి చూడాలి.

దిగాను. మొదటి చినుకు నా మెడ మీద పడింది.

గుర్తు స్పష్టంగా ఉంది. దానికీ తెల్లగీతకీ మధ్య సన్నగా ఎర్రమట్టి కనపడుతోంది. దారమంత. అవుట్.

తల ఎత్తేసరికి పక్కన కెప్టెన్ లుత్ఫీ! కోర్టులోకి రాకూడదు ఆయన, వచ్చేశాడు.

"బాగా చూశావా అమ్మాయ్?"

"చూశాను కెప్టెన్."

"వాన మొదలైంది. గుర్తు పాడైపోయింది, తెలీట్లేదు, కాబట్టి లైన్‌మన్ మాటే ఖాయం అను. తప్పేం లేదు. ఎవడూ కాదనడు."

ఆయన బూటు గుర్తు పక్కనే ఉంది. కొంచెం జరిపితే చాలు. ఇంకో చినుకు పడి గుర్తు అంచున చిన్న గుంట చేసింది. అనీస్ ఆ బూటునే చూస్తున్నాడు. గ్యాలరీ అంతా "హాజిమ్! హాజిమ్!" అని ఊగిపోతోంది. పెళ్ళిళ్ళ హాలు, నేను ఆట నేర్చుకున్న కోర్టు, మా కెప్టెన్ మొహం, అన్నీ ఒక్కసారే నా కళ్ళ ముందు నిలబడ్డాయి.

"కెప్టెన్, కాలు తియ్యండి."

తియ్యలేదు.

"నాకు చూడ్డం నేర్పింది మీరే కదండీ."

ఆయన నన్ను చూశాడు, గుర్తుని చూశాడు. మెల్లిగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

నేను చూపుడువేలు పైకెత్తాను. "అవుట్. డ్యూస్." అంటే మళ్ళీ ఇద్దరూ సమానం.

నన్ను ఎన్నెన్ని మాటలన్నారో! "ఎవరి కూతురివే నువ్వు? ట్యునీషియాలో సంబంధం కుదిరిందా?" మొదటి అరుపు హాజిమ్ వాళ్ళ అమ్మదే. కుర్చీ ఎక్కి కూర్చునేలోపు ఆకాశం విరిగి మీద పడింది. క్షణాల్లో కోర్టు మీద ఎర్రనీళ్ళు టమాటా రసంలా పారాయి. సూపర్‌వైజర్ గొడుగు విప్పుకుని, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. అయిపోయింది.

లుత్ఫీ నాతో మాట్లాడలేదు. నేనూ క్లబ్బు వైపు వెళ్ళలేదు.

ఔవా పోయింది. తర్వాతి శుక్రవారం ఎండ కాసింది, నా ఫోన్ మోగింది. "నమాజు అయిపోయింది, కోర్టు ఆరింది. నీ కుర్చీ ఖాళీగా ఉంది, ఎక్కడున్నావ్?" అన్నాడు కెప్టెన్.

పరిగెత్తాను. గ్యాలరీ నిండా జనం! హాజిమ్ ఉన్నాడు. అనీస్ కూడా ఉన్నాడు!

"నువ్వు ఇంటికెళ్ళలేదా?"

"ఈ హాజిమ్ వాళ్ళమ్మ వెళ్ళనిస్తేగా అక్కా! హోటల్ ఖాళీ చేయించి ఇంటికి లాక్కెళ్ళింది. రోజూ మొలొఖియా ఆకుకూర పులుసు, అన్నం, వేయించిన చేపలు. నా పొట్ట చూడు! ఇది మోసం కాదా?"

"ఓడిపోయాక సాకులు దొరకాలి కదా నీకు," అన్నాడు హాజిమ్.

పాయింట్లు లేవు, సూపర్‌వైజర్ లేడు. డ్యూస్ నుంచి మొదలుపెట్టాం. అనీస్ ఆ గేమ్ లాక్కున్నాడు. ఐదు-ఐదు. తర్వాత అనీస్‌కి ఆరు-ఐదు. హాజిమ్ సర్వీసు, ఈసారి మ్యాచ్ పాయింటు అనీస్‌ది. గింజలు కొరికే చప్పుడు కూడా ఆగిపోయింది.

అనీస్ కొట్టిన బంతి హాజిమ్ వైపు గీత మీదో, గీతకి బయటో పడింది. కుర్చీలోంచి నాకు తెలీలేదు. నిజంగా తెలీలేదు! లైన్‌మన్ కూడా నోరు తెరిచి నిలబడ్డాడు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. పోయిన వారం తిట్టిన మొహాలే అన్నీ. దిగడానికి మెట్టు మీద కాలు పెట్టాను.

నా కాలు నేలని తాకకముందే హాజిమ్ వెళ్ళి గుర్తు మీద నిలబడ్డాడు, కిందికి చూశాడు. బూటుతో ఒక్క గీటు గీసి చెరిపేశాడు.

వాళ్ళమ్మే ముందు లేచి చప్పట్లు కొట్టింది, ఏడుస్తూ, కొడుకుని తిడుతూ.

సముద్రం కప్పు మీద ఆఖరి పేరు అనీస్‌ది, వచ్చే ఏడాది నుంచి టోర్నమెంటే లేదు. కెప్టెన్ లుత్ఫీ దాన్ని చొక్కాతో తుడిచి అతని చేతిలో పెట్టాడు. "తీసుకుపో బాబూ, ఇంక నాకు దీన్ని తోమే పని తప్పింది," అన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. నెట్‌కి ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని విప్పాం.