తుపాకుల బీరువాలో ఒక అర

పాత పచ్చగుడ్డ ఒక పట్టున ఊడి రావడం లేదు. మొండయ్య దాని అంచును గోటితో లేపి, కిందికి సన్నటి రేకు దూర్చి, పుండు మీద పట్టీ తీసినంత నెమ్మదిగా లాగుతున్నాడు. జిగురు గట్టిపడిన చోట గుడ్డ చిరిగి ఇనుముకే అంటుకుపోతోంది. ఊడిన చోట సముద్రపు తేమ తిన్న ఇనుము ఎర్రగా, పొడిపొడిగా రాలుతోంది. నిలువెత్తు బీరువా అది. తలా భుజాలూ లోపల పెట్టి పనిచేస్తుంటే తుపాకుల నూనె వాసనా, ముక్కిపోయిన గుడ్డ వాసనా కలిసి ముక్కుపుటాలు మండుతున్నాయి. అతను రెండుసార్లు తుమ్మాడు. వెనక కుర్చీలో కూర్చున్న అబూ హసన్ రెండుసార్లూ దేవుడి దయ ఉండాలని దీవించాడు.

అబూ హసన్ ఆ ఇంటి యజమాని. ఖతీఫ్‌లో సముద్రానికి దగ్గరగా ఖర్జూరపు తోటా, తోటను ఆనుకుని ఇల్లూ ఉన్నాయి. మొండయ్యకు కఫీల్ ఆయనే. వీసా ఆయన పేరు మీదే ఉంది. ఇంట్లో పనివాళ్ళంతా పిలిచినట్టే మొండయ్యా ఆయన్ని బాబా అనే పిలుస్తాడు. బీరువాలోంచి తీసిన రెండు వేటతుపాకులు మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టి ఉన్నాయి. ఇన్నేళ్ళూ వాటిని తుడవడం, నూనె పెట్టడం ఆయన సొంత పని. కొడుకుల్ని కూడా చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఈ ఏడు చూపు తగ్గి, చేతులు వణకడం మొదలైంది. నిన్న నూనెసీసా జారిపడి తివాచీ పాడయ్యాక, పొద్దున్నే మొండయ్యను పిలిచి, బీరువా లోపలంతా కొత్తగా చెయ్యాలన్నాడు.

మొండయ్య కంటే ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కకపోవడంతో, వీడైనా మొండిగా నిలబడాలని తల్లి ఆ పేరు పెట్టుకుంది. అరబ్బీ నోళ్ళలో ఆ పేరు మందీ అయింది. అది ఇక్కడివాళ్ళు మాంసం వేసి వండుకునే అన్నం పేరు. కొత్తలో ఇంట్లో పిల్లలు అతన్ని పిలిచి మరీ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. పొట్టి మనిషి. ఏభై దాటాయి. మెడ మీద ఎండకు నల్లబడిన మడతలు. ఎప్పుడో తిన్న సుత్తిదెబ్బకు ఎడమ బొటనవేలి గోరు రెండుగా చీలి పెరుగుతుంది. జగిత్యాల దగ్గర పల్లె నుంచి మొదట జుబైల్ వచ్చి, కాంక్రీటు పోసే చోట చెక్కలు బిగించే పని చేశాడు. ఆ కంపెనీ మూతపడితే ఈ ఇంటికి చేరాడు. తోటకు నీళ్ళు పెట్టడం, మేకలు, కారే నల్లాలు, ఊడిన తలుపు బందులు అన్నీ అతనివే. ఊళ్ళో భార్య అంజవ్వ బీడీలు చుడుతుంది. రెండేళ్ళకోసారి సెలవు దొరికితే బాబా ఈ బీరువా తెరిచి పాస్‌పోర్టు తీస్తాడు. డ్రైవరు ఖాదర్ దాన్ని ఎయిర్‌పోర్టులో చేతికిస్తాడు. తిరిగి వచ్చిన రోజే అది మళ్ళీ తుపాకుల పక్కకు చేరుతుంది. అందరి ఇళ్ళలో జరిగేదే కాబట్టి మొండయ్య దాన్ని గురించి పెద్దగా ఆలోచించేవాడు కాదు.

తుప్పును గరుకు కాగితంతో రుద్ది, రంగు పూసి ఆరబెట్టాడు. ఈలోగా మామ, అంటే బాబా భార్య, పరదాలు కుట్టించగా మిగిలిన ముదురెరుపు మఖమల్ గుడ్డ పంపింది. తుపాకులకు పెళ్ళికూతురి రంగేమిటని బాబా గొణిగాడు. ఇప్పుడు నీకు రంగులు కనిపిస్తున్నాయా అని ఆవిడ గుమ్మం అవతలి నుంచే అడిగింది. మొండయ్య చెక్క కొలుస్తున్నట్టు తల తిప్పుకుని నవ్వుకున్నాడు.

వెనక చెక్క కోసి, దాని మీద గుడ్డ సాగదీసి జిగురు పట్టించాక, తుపాకీ గొట్టాలు ఆనుకునే గాడుల సంగతి వచ్చింది. రెండు చెక్కుదామని అతను పెన్సిలుతో గీతలు గీశాడు. ఒకటి చాలన్నాడు బాబా. రెండోది తమ్ముడి కొడుక్కి ఇచ్చేస్తాడట. ఒక కొడుకు రియాద్‌లో డాక్టరు, ఇంకొకడు చమురు కంపెనీలో ఇంజనీరు. వాళ్ళకు వేట తెలియదు. కుడివైపు ఒక అర కొట్టమన్నాడు. అందులో ఏం పెడతారని మొండయ్య అడిగితే, చూద్దాం అన్నాడు.

అర బిగించడానికి వీలుగా బీరువాను గోడ నుంచి కొంచెం జరిపారు. బాబా చేతికర్ర ఊతంతో లేచి వచ్చి సాయం పట్టినట్టు చెయ్యి వేశాడు. బీరువా పక్కన గోడ మీద, ఛాతీ ఎత్తున, చిన్న సొట్ట ఉంది. రెండుసార్లు రంగు వేసినా పూడలేదు. బాబా ఆ సొట్టలో వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు.

మొండయ్య చూపు అటు పోయింది, వెంటనే తిరిగి వచ్చింది. ఆ సొట్ట ఎలా పడిందో తనకు తప్ప ఎవరికీ తెలియదని ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

చాలా ఏళ్ళ కిందట, గల్ఫ్ యుద్ధం మొదలైన జనవరిలో, దహ్రాన్ వైపు క్షిపణులు వస్తాయని తెలిసి, బాబా కుటుంబమంతా గంటలో సర్దుకుని మదీనాలో చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయింది. తోటా, మేకలూ చూసుకొమ్మని మొండయ్యకు చెప్పారు. బీరువా తాళంచెవి ఎప్పటిలాగే బాబా జేబులో వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే సైరన్లు మొదలయ్యాయి. పక్కింట్లో పనిచేసే ఓబులేసు, వాళ్ళ యజమాని పాస్‌పోర్టులు చేతికివ్వగానే సంచీ భుజాన వేసుకుని పిలవడానికొచ్చాడు. జెద్దా దాకా బస్సు ఉందన్నాడు. పాస్‌పోర్టు లేకుండా దారిలో ఎక్కడా దాటనివ్వరనీ అతనే చెప్పాడు. చెప్పి తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఈ గదికి కిటికీ లేదు కాబట్టి మొండయ్య ఇక్కడే పడుకునేవాడు. విషవాయువు వస్తుందని అందరూ అంటే తడితువాలు ముఖాన కప్పుకునేవాడు. ఆకాశం పగిలినట్టు చప్పుడై ఇల్లు కదిలినప్పుడు ఈ బీరువానే ఆనుకుని కూర్చునేవాడు. తన పాస్‌పోర్టు వీపుకు బెత్తెడు దూరంలో ఉంది. ఒక రోజు తోటలోంచి గడ్డపార తెచ్చాడు. గోడకు ఆనిస్తే దాని మొన గుచ్చుకుని సొట్ట పడింది. బీరువా తలుపు సందును చేత్తో తడిమి చూశాడు. పొద్దు గుంకేదాకా దాని ముందే కూర్చున్నాడు. తర్వాత మేకలు అరిస్తే లేచి, గడ్డపార మళ్ళీ తోటలో పెట్టేశాడు. యుద్ధం అయ్యాక వాళ్ళు వచ్చారు. బాబా ఏమీ అడగలేదు. తనూ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు బాబా సొట్ట మీది నుంచి వేలు తీయకుండా అన్నాడు.

"గడ్డపార తెచ్చావు కదా. మళ్ళీ ఎందుకు తీసుకుపోయావు?"

మొండయ్య చేతిలో సుత్తి ఆగింది. అరబ్బీలో అతనికి వచ్చిన మాటలు తక్కువ. పని మాటలు, తిండి మాటలు, సలాము మాటలు. వాటిలోంచే ఏరుకుని మెల్లగా చెప్పాడు.

"తెరుసుడు తెరుస్త బాబా. మల్ల మూసుడు నాతోని అయితదా?"

బాబా అతని ముఖంలోకి చూశాడు. మసకబారిన ఆ కళ్ళకు ఏం కనిపించిందో తెలియదు.

"భయపడ్డావా?"

"పడ్డ. ఎందుకు పడ." తప్పుగా అర్థమవుతుందేమోనని, "మేకలు గూడ భయపడ్డయి" అన్నాడు.

బాబా తల ఊపాడు. బాంగు వినబడితే నమాజుకు వెళ్ళిపోయాడు. మొండయ్య అర బిగించి, దాని మీద గుడ్డ పరిచి, మూలల్లో మడతలు కనపడకుండా లోపలికి నెట్టాడు.

తిరిగి వచ్చి బాబా తుపాకీని తనే ఎత్తబోయాడు. చెయ్యి వణికింది. మొండయ్య కింద చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి దాన్ని గాడిలో నిలబెట్టారు. చప్పుడు లేకుండా ఒదిగింది. అప్పుడు బాబా జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీశాడు. అందులో రెండు పాస్‌పోర్టులు ఉన్నాయి. అవి అరలో పెట్టడానికనుకుని మొండయ్య పక్కకు జరిగాడు.

"ఇవి ఇక ఇక్కడ ఉండవు. ఖాదర్‌ది ఖాదర్‌కియ్యి. నీది నువ్వు ఉంచుకో."

మొండయ్య చేతులు ప్యాంటుకు తుడుచుకుని అందుకున్నాడు.

"నాకు తాళమేసే పెట్టె గూడ లేదు బాబా."

"కొనుక్కో" అన్నాడు ఆయన. మామ తన మందుసీసాలు తెచ్చి ఆ అరలో వరుసగా పెట్టుకుంది. చేతికందే ఎత్తులో కొట్టాడని మెచ్చుకుంది.

పెట్టె కొనలేదు. పాస్‌పోర్టు కొన్నాళ్ళు తలగడ కింద, కొన్నాళ్ళు బియ్యం డబ్బాలో ఉంది. పొద్దున తోటకు పోయేముందు అది ఉందో లేదో ఒకసారి తడిమి చూడటం అలవాటైంది. తెరిస్తే నల్లటి మీసంతో ఒక పడుచువాడు బిక్కముఖం వేసుకుని చూసేవాడు. ఇంటికి పోవడమంటే ఇన్నాళ్ళూ ఇంకొకరి తాళంచెవితో తెరుచుకునే సంగతి. ఎప్పుడో వాళ్ళు తెరుస్తారు, తను పోయి వస్తాడు. ఇప్పుడు అది తన బియ్యంలోనే ఉంది. ఎందుకు పోవడం లేదని ఎవరూ అడగడం లేదు. అడిగితే తనే తనను అడగాలి.

ఖర్జూరాలు దింపడం అయిపోయాక, ఒక సాయంత్రం బాబా కుర్చీ పక్కన నేలమీద కూర్చుని చెప్పాడు.

"నేను పోత బాబా."

"సెలవుకా?"

"కాదు. ఎగ్జిట్. మొత్తానికే."

బాబా ఖర్జూరపు చెట్ల వైపు చూశాడు. "ఎప్పుడు అడుగుతావా అని చూస్తున్నాను" అన్నాడు. ఆయన చెయ్యి వచ్చి మొండయ్య తలమీద ఆనింది. అది వణుకు వల్ల కదులుతోందో, నిమురుతోందో మొండయ్యకు తెలియలేదు. అతను కదలకుండా కూర్చున్నాడు.

ఊళ్ళో పక్కింటి ఫోనుకు చేసి అంజవ్వను పిలిపించాడు. వస్తున్నానని చెప్పాడు.

"ఎన్ని దినాలకు?" అంది ఆమె, అలవాటుగా.

"ఇగ వచ్చుడే. మల్ల పోవుడు లేదు."

లైను తెగిందేమోనని అతను రెండుసార్లు పిలిచాడు.

"ఉన్న" అంది అంజవ్వ. "ఇంటెన్క నీడకేసిన సపారం కూలిపోయింది. వచ్చినంక ఎయ్యాలె" అంది.

"ఏస్త" అన్నాడు.

పోయే రోజు తెల్లవారకముందే లేచాడు. ఎప్పటిలాగే మేకలకు మేత వేసి, చెట్లకు నీళ్ళు వదిలాడు. తర్వాత స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మామ ఖర్జూరాల డబ్బా, అంజవ్వకొక నల్లటి శాలువా ఇచ్చి, ముఖం ముసుగులో దాచుకుని లోపలికి వెళ్ళిపోయింది. బాబా గేటు దాకా వచ్చాడు. మొండయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, దారి చల్లగా ఉండాలని దీవించాడు. ఇంకేదో అనబోతుంటే ఖాదర్ హారన్ కొట్టాడు. మొండయ్య బండి ఎక్కాడు. దమ్మాం రోడ్డెక్కేదాకా అతను చొక్కా జేబు మీద చెయ్యి తీయలేదు. ఒకసారి మాత్రం ఏదో మరిచినట్టు వెనక్కి తిరిగి చూశాడు. అదేమిటో గుర్తుకు రాలేదు.

బండి దుమ్ము అణిగాక బాబా చేతికర్ర తాటించుకుంటూ తోటలోకి వెళ్ళాడు. ఎండ ఇంకా చెట్ల కొసల మీదే ఉంది. ఎక్కడో నీటి చప్పుడు వినబడి అటు నడిచాడు. చీలిన చోటల్లా సన్నటి తీగ చుట్టి బిగించిన నల్ల రబ్బరు పైపు నిమ్మచెట్టు మొదట్లో పడి, పాదు నిండి పక్కకు పొర్లుతున్నా, నీళ్ళు పోస్తూనే ఉంది.