స్టాండుకు కొత్త తల

మర బిగించి, చెయ్యి తీసేసి, ఒక కన్ను మూసి చూశాడు. కెమెరా వెంట్రుకవాసి కిందికి జారింది. వదులు చేసి, మళ్లీ బిగించాడు. మళ్లీ జారింది.

"దీనికి మెడ నిలవడం లేదమ్మా."

కెమెరాల కొట్టు ఆవిడ అద్దాల బల్ల వెనక నుంచి నవ్వింది. "వారం నుంచి నా తల తింటున్నావు బాబాయ్. తేలిగ్గా ఉండాలంటావు, చవగ్గా ఉండాలంటావు, జారకూడదంటావు. ఈ మూడూ ఉన్నది దొరికితే నీకెందుకు అమ్ముతాను, నేనే దాచుకోనూ?"

ఆయన నవ్వలేదు. హాస్యం తెలియని మనిషి కాదు గానీ, ఇది నవ్వే విషయం కాదు.

కెమెరాను స్టాండు మీద పట్టి ఉంచే ఆ భాగాన్ని కొట్టువాళ్లు బాల్ హెడ్ అంటారు. ఆయన తల అంటాడు. చిన్న గిన్నెలో ఇమిడిన ఒక గుండు. మర వదులు చేస్తే ఎటు కావాలంటే అటు వాలుతుంది, బిగిస్తే అక్కడే ఆగుతుంది. ఆగాలి. ఆయన పాత తల ఇనుముది. మూడు పిడులుంటాయి, పక్కకు వాలమంటే సగంలోనే మొరాయిస్తుంది. అది మోసీ మోసీ కుడి భుజం ఇక నా వల్ల కాదు పొమ్మంది.

మంచం పట్టి ఆఫీసుదాకా రాలేని వాళ్ల ఇళ్లకు వెళ్లి, గుర్తింపు కార్డుకు ఫోటో తీసి ఇవ్వడం ఆయన పని. "మెట్లెక్కలేకపోతే మొహమాటపడకుండా చెప్పండి సార్, వేరే మనిషిని చూసుకుంటాం," అని ఆ కార్డుల ఆఫీసు గుమాస్తా మొన్న మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే ఆయన గుండె జారిపోయింది. పని పోతే తిండికి ఎలాగో గడుస్తుంది. మాటకే గడవదు. అక్క ఉన్నన్నాళ్లు అక్కతో ఉన్నాడు, అక్క పోయాక గోడలతో ఉంటున్నాడు. పెళ్లి సంగతి వాయిదా వేస్తూ వేస్తూ మర్చిపోయాడు. రోజు మొత్తం మీద ఆయన్ను కూర్చోమనేది ఆ మంచాల్లో ఉన్నవాళ్లే.

అందుకని తల తేలిగ్గా ఉండాలి. జారడానికి మాత్రం అసలే వీల్లేదు. మంచం మీదికి వంగి నిలబడే కెమెరా అది. జారితే పక్కకు తప్పుకోలేని మనిషి ముఖం మీద పడుతుంది.

కొట్టు ఆవిడ కింది సొరుగులోంచి మూల నలిగిన డబ్బా ఒకటి తీసింది. "ఎవరో కొనుక్కెళ్లి, రంగు బాగాలేదని తిరిగిచ్చేశారు. చూడు, నీ అదృష్టం ఎలా ఉందో."

ఎర్రగా, నిమ్మకాయంత ఉంది. కెమెరా బిగించి, పూర్తిగా పక్కకు వాల్చి చూశాడు. జారలేదు. ఆవిడ ఇద్దరు గిరాకీలను పంపించి వచ్చేదాకా కదలకుండా చూస్తూనే నిలబడ్డాడు. జారలేదు.

"నమ్మకం కుదరకపోతే వాడి చూడు బాబాయ్. జారిందో, తెచ్చి నా నెత్తిన కొట్టు."

మధ్యాహ్నం వెళ్లిన ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. రెండో మలుపులో ఆగి, ఏదో ఇంట్లో మర్చిపోయి వచ్చానేమోనని సంచి తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. సంచే తేలికైంది.

మంచంలో ఉన్నది ఒకప్పుడు టైపు నేర్పిన పంతులమ్మ. పక్షవాతం వచ్చి మెడ కుడివైపుకు ఒరిగిపోయింది. కోడలు దిండ్లు పట్టుకుని ముందుకొచ్చింది. "పోయినసారి ఇంకొకాయన వస్తే మేమిద్దరం లేపి పట్టుకున్నాం అన్నయ్యగారూ. ఆ తర్వాత రెండు రోజులు మూలుగుతూనే ఉంది అత్తయ్య."

"లేపొద్దమ్మా. ఎలా ఉన్నారో అలాగే ఉండనివ్వండి."

ఆవిడ తల కింద తెల్ల దుప్పటి పరిచాడు. మర వదులు చేసి, ఆవిడ మెడ ఎంత ఒరిగిందో కెమెరాను అంత ఒరగనిచ్చి బిగించాడు. లోపల్నుంచి చూస్తే ముఖం నిటారుగా, కుర్చీలో కూర్చుని క్లాసు చెబుతున్నట్టే ఉంది. అయినా ధైర్యం చాలక ఎడమచెయ్యి కెమెరా కింద అడ్డం పెట్టుకునే ఫోటో తీశాడు.

పంతులమ్మ కళ్లు పైకెత్తి చూసింది. "అదేంటి నాయనా, నీ కెమెరా కూడా నాలాగే పడిపోయిందే?"

"పడలేదమ్మా. మీకోసం పక్కకు తిరిగింది."

"నయం. వచ్చినవాళ్లంతా నన్ను లేపాలనే చూస్తారు. నేనున్న చోటికి ఎవరూ రారు." కళ్లతోనే కుర్చీ చూపించి, "కూర్చో. తొందరేముంది? ఇంట్లో ఎవరెవరుంటారు?" అంది.

"అందరూ ఉన్నారమ్మా."

అంత అబద్ధం నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియలేదు. ఆవిడ జాలిపడితే తట్టుకోలేననిపించింది, అంతే. మంచినీళ్లు తాగి, ఆవిడ చెప్పిన టైపు మిషన్ల కబుర్లన్నీ వినేసరికి కిటికీలో ఎండ వాలిపోయింది. అంత హాయిగా గడిచిన పూట ఈమధ్య లేదు.

గదికి వచ్చాక స్టాండును తన మంచం పక్కనే వేశాడు. ఉన్న లెన్సుల్లో బరువైనది తగిలించి, దిండు మీదికి వంచి, పక్కకు వాల్చి, మర బిగించాడు. పొద్దుటిదాకా ఇలాగే ఉంటే ఇక చెయ్యి అడ్డం పెట్టే పని లేదు. గుమాస్తాకు ఫోన్ చేసి, ఎన్ని అంతస్తులైనా ఎక్కుతానని చెప్పేయొచ్చు.

ఎడమచెయ్యి లాగుతోంది. మెట్ల వల్లేలే అనుకున్నాడు. కాసేపు నడుం వాల్చాలనిపించింది కానీ ఉన్నది ఒకటే మంచం. పడితే ఎవరి మీదో పడేకంటే నా ముఖం మీదే పడనీ అనుకుని కెమెరా కిందే పడుకున్నాడు.

ఇన్నేళ్లలో ఇటువైపు నుంచి దాన్ని చూడడం ఇదే మొదలు. లెన్సు నల్లగా, శ్రద్ధగా తన వైపే చూస్తోంది. తనను ఇంతసేపు ఎవరైనా చూసి ఎన్నాళ్లయింది? సిగ్గేసింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. కాసేపటికి రెండూ సర్దుకున్నాయి. మెడ కొద్దిగా పక్కకు తిప్పి, కెమెరాకు సరిగ్గా ఎదురుగా పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

పొద్దెక్కినా తలుపు తీయలేదేమని మేడమీద ఇంటావిడ వచ్చి పిలిచింది, తర్వాత తలుపు తోసింది. నిద్రలోనే పోయాడని, నొప్పి తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. నలుగురొచ్చి తీసుకెళ్లారు. గుమాస్తా ఫోన్ చేసి, అయ్యో అని, ఇంకా వెళ్లాల్సిన ఇళ్లు ఎన్ని మిగిలాయని అడిగాడు.

అందరూ వెళ్లాక ఇంటావిడ కిటికీలు మూయడానికి వచ్చింది. దిండు మీదికి వంగి ఉన్న కెమెరాను చూసి, హడావిడిలో ఎవరో తగిలి పక్కకు ఒరిగిపోయిందనుకుంది. పాపం, ఎంత జాగ్రత్తగా చూసుకునేవాడోనని నిలబెట్టబోయింది. రాలేదు. రెండు చేతులా పట్టుకుని గట్టిగా తోసింది. ఏ మర తిప్పాలో ఆవిడకు తెలియదు. విసిగిపోయి, వదిలేసి, తలుపు దగ్గరగా వేసుకుని వెళ్లిపోయింది. ఖాళీ దిండు మీదికి వంగి, నిమ్మకాయంత ఎర్రటి తల మీద కెమెరా అలాగే ఉంది.