తలకాయా, సీమపనసా?

సమోవాలో ఉలు అంటే తల. ఊరి పెద్ద తలకాయల్నీ అలాగే అంటారు. అదే మాటని గొంతులో చిన్న నొక్కు నొక్కి పలికితే సీమపనస. రాసేటప్పుడు ఆ నొక్కుకి గుర్తుగా మాట ముందు ఓ కొక్కెం పెట్టాలి. కానీ ఎవరు పెడతారు? చదివేవాళ్లకి ఎలాగూ తెలుస్తుందిగా!

పెనినా కూడా పెట్టలేదు.

ఊరి సైటు కోసం ఆ అమ్మాయి సర్వరుకి తగిలించే మాడ్యూలు, అంటే ఓ చిన్న ప్రోగ్రాము, సొంతంగా రాసింది. చిరునామా కొట్టగానే అది దానికి తగ్గ టెంప్లేటు, అంటే పేజీ అచ్చు, తీసి, అచ్చులో పాకం పోసినట్టు వివరాలు పోసి పంపుతుంది. పెద్దలు సరేనంటే ఇదే ఉంటుంది. కాదంటే ఆక్లాండ్ కంపెనీది తెచ్చుకుంటారు, వానాకాలమంతా పడ్డ కష్టం గంగపాలు.

సభ ఇంట్లో చాపల మీద అందరూ కూర్చున్నారు. పెనినా "ఉలు" అని కొట్టింది. తెర మీద ఊరి పెద్ద సోలోఫా ఫొటో వచ్చింది. కింద ఇలా ఉంది: "బాగా ముదిరింది. నిప్పుల మీద కాల్చి, కొబ్బరిపాలలో ముంచుకు తినండి."



"ముదిరిన మాట నిజమే!" అని సోలోఫా భార్య మసీనా పకపకా నవ్వింది.

"నన్నెందుకు కాలుస్తోందే అమ్మాయ్, నీ యంత్రం?" అన్నాడు సోలోఫా.

పెనినా ముఖం కందిపోయింది. "టెంప్లేటు సీమపనసది, వివరాలు మీవి పెదనాన్నా. కొక్కెం లేక రెండు చిరునామాల దారులూ ఒకటైపోయాయి. మనిషైతే పోల్చుకుంటాడు, దీనికి తెలీదు. ఒక్క నిమిషం."

సీమపనసకి కొక్కెం పెట్టి దారి విడదీసింది.

"ఏదీ, నేను చూస్తా" అని సోలోఫా సీమపనస కోసం ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. తెర మీదికి మళ్లీ ఆయనే వచ్చాడు.

"కొక్కెం పెట్టలేదుగా!" అంది మసీనా.

"జన్మలో పెట్టానా?"

పెనినాకి తట్టింది. తప్పు ఊరిది కాదు, ఊరి అలవాటు తెలియని దారిది. చకచకా ఇంకో చిన్న టెంప్లేటు రాసింది. సోలోఫా మళ్లీ కొట్టాడు. ఈసారి తెర అడిగింది: "ఏది కావాలి అయ్యా, తలకాయా? సీమపనసా?"

పెద్దాయన పెనినా వైపు తిరిగాడు.

"ఆక్లాండ్‌ది ఇలా అడుగుతుందా?"

"అడగదు పెదనాన్నా."

"అయితే ఇదే ఉండనీ. అడిగి పెట్టేది మన ఊరిదే అవుతుంది" అన్నాడు సోలోఫా. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ముదిరింది అన్న మాట మాత్రం పండుకే ఉంచు తల్లీ" అన్నాడు.