గోడ ఎవరిది

మా అపార్ట్‌మెంట్‌లో లోపలి గోడలు ఎవరివి వాళ్లవి, బయటి గోడ మాత్రం అందరిదీ. దానికి ఏసీ బిగించాలంటే అసోసియేషన్‌కు అర్జీ పెట్టుకోవాలి. సెక్రటరీగారు వచ్చి గోడను వేలి మెటికలతో కొట్టి, చెవి ఆనించి విని, సుద్దముక్కతో గీత గీస్తారు. అక్కడే బిగించాలి. రిటైరైన ఇంజినీరు లెండి. వెనకాల అందరూ ఆయన్ని సుద్దముక్క మావయ్య అంటారు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్మురాలిని నేనే.

మా అత్తయ్య గుండె ఆపరేషనై ఇంటికొచ్చిన వారం సెక్రటరీగారు ఊళ్లో లేరు. గది చల్లగా ఉండాలని, ఉక్కపోస్తే ఆయాసం ముదురుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎండలు నిప్పులు చెరుగుతున్నాయి. ఆయన వచ్చి గోడతో కబుర్లాడేదాకా ఆగడం నా వల్ల కాలేదు. మెకానిక్‌ని పిలిచాను.

అతను డ్రిల్లు పట్టుకుని, "గోడ మీదేనా మేడమ్?" అని అడిగాడు.

"మాదే," అన్నాను. సొంత ఫ్లాటాయె.

నాలుగో రోజు సాయంత్రం గోడ అవతల టకటకమని చప్పుడు. కిటికీలోంచి తొంగిచూశాను. బయటి యూనిట్‌ను మోస్తున్న ఇనుప స్టాండు ముందుకు వాలింది. పై బోల్టు ఒకటి సగం ఊడి వచ్చింది. గోడను మెటికతో కొట్టి చూశాను. ఖాళీ డబ్బాలా మోగింది.

స్విచ్ ఆపేశాను. రెండో బోల్టు దగ్గర సిమెంటు రాలుతోంది. ఎక్కడ రాలుతోందా అని మూడంతస్తుల కిందికి చూశాను. సిమెంటు బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు సుద్దముక్క మావయ్య. ఊరి నుంచి ఎప్పుడొచ్చారో.

"అమ్మాయ్, ఏసీ ఆగిందేంటే?" అంది అత్తయ్య మంచం మీంచి.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చెబితే మళ్లీ ఏసీ పెట్టనివ్వరు, అత్తయ్య ఈ ఎండకు తట్టుకోలేదు. పేపరు అయిపోతే ఆయనే లేస్తారేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను. ఆ క్షణం తలచుకుంటే నా మీద నాకే భయం.

"మావయ్యగారూ, అక్కణ్ణుంచి లేవండి," అని కిటికీలోంచి కేకేశాను.

"ఎందుకమ్మా? నీడ బాగుంది."

"మీ నెత్తి మీద మా ఏసీ ఉందండి. మీకు చెప్పకుండా పెట్టించాను. ఊడిపోతోంది, త్వరగా లేవండి."

ఆయన లేచారు. నాలుగడుగులు వేశారో లేదో, యూనిట్ స్టాండుతో సహా ఊడి వచ్చి బల్ల మీద పడింది. బల్ల అంచు విరిగింది. ఆయన ఆ బల్ల వంకే చాలాసేపు చూశారు.

మెట్లెక్కి పైకొచ్చారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నన్ను దాటి మంచం వైపు చూశారు.

"మా ఇంట్లో ఏసీ గది ఖాళీగానే ఉంది. ముందు ఆవిణ్ణి తీసుకురా."

అత్తయ్యను లేపి నడిపిస్తుంటే నెమ్మదిగా అన్నారు. "అక్కడ గోడ లోపల పైపుల సందుందమ్మా. పైకి ఒక్క వరస ఇటుకే. ఆ మెకానిక్, గోడ ఎవరిదని అడగలేదా?"

"అడిగాడండి."

"ఏమన్నావ్?"

"మాదే అన్నానండి."

ఆయన మడిచిన పేపరు చంకలో పెట్టుకుని, అత్తయ్య రెండో చెయ్యి పట్టుకున్నారు.