రామచంద్రం ఉరఫ్ హనుమండ్లు

ముసలితనం పోర్చుగల్‌లో గడుపుతానని రామచంద్రం ప్రకటించిన పూట, అతని పెళ్లాం బాలలక్ష్మి బియ్యం చెరుగుతున్న చాటను కింద పెట్టేసింది.

"గంత దూరం ఎందుకయ్యా?"

"ఎండ కోసం."

"ఎండనా? గోదావరిఖనిల ఎండకు కరువా? మే నెలల బయట నిలవడు, పెనం మీది రొట్టె లెక్క కాలుతవు!"

"గది ఎండ గాదే, నిప్పు. గక్కడ సముద్రం ఒడ్డుకు కుర్చీ ఏసుకొని కూసునే ఎండ ఉంటదట."

ముప్పై నాలుగేళ్లు బొగ్గుబావిలో దిగి ఎక్కిన మనిషి. సగం బతుకు టోపీ లైటు వెలుగులోనే గడిచిపోయింది. ఇక కోరిక పుట్టిందంటే పుట్టదూ మరి! నెలనెలా పెన్షన్ వచ్చే ముసలివాళ్లను ఆ దేశం రానిస్తుందని ఫోన్‌లో చూశాడు. అక్కడ ఇల్లు కిరాయికి తీసుకోవాలి, వరుసగా ఆరు నెలలు దేశం విడిచి ఉండకూడదు. బతుకమ్మకు, కొండగట్టుకు వచ్చిపోవడానికి ఎన్ని రోజులు పడుతుందో బాలలక్ష్మి వేళ్ల మీద లెక్కేసి, సరేనంది.

కరీంనగర్‌లో వీసా కాయితాలు చూసే ఓంప్రకాశ్ వాళ్ల కట్ట విప్పాడు.

"కాకా, పాస్‌పోర్టు రామచంద్రంది. పెన్షనేమో హనుమండ్లుది. గీ హనుమండ్లు ఎవరు?"

"నేనే."

"మరి రామచంద్రం?"

"గది గూడ నేనే."

ఓంప్రకాశ్ గ్లాసెడు నీళ్లు తాగాడు.

బొగ్గుబావుల దగ్గర ఇదేం వింత కాదు. నౌకరి కాయితం ఒకరికి వస్తే, బావిలోకి ఇంకొకరు దిగేవాళ్లు. హనుమండ్లంటే బాలలక్ష్మి సొంత అన్న, పెద్దపల్లి దగ్గర వరి పండించుకునే మనిషి. అతనికొచ్చిన నౌకరిని అతని పేరుతోనే రామచంద్రం చేశాడు.

"హనుమండ్లు పెన్షన్ కాయితంల భార్య పేరు బాలలక్ష్మి అని ఉన్నది," అన్నాడు ఓంప్రకాశ్.

"ఓరి దేవుడా! అంటే కాయితంల నేను నా తోడవుట్టినోని పెండ్లాన్నా?" బాలలక్ష్మి నెత్తి బాదుకుంది.

"గీ కాయితాలు గిట్లనే పంపితే పోర్చుగల్‌కు అన్నాచెల్లెండ్లు పోతరు, కాకా, నువ్వు ఈడనే ఉంటవు. అసలు హనుమండ్లు వచ్చి, తను నౌకరి చెయ్యలేదని, ఎందుకు చెయ్యలేదో స్టాంపు కాయితం మీద రాసియ్యాలె, కింద మీరిద్దరు సంతకం జెయ్యాలె. గది వట్టుకొని కంపెనీల పేరు మార్పిద్దాం."

ఆ ఎందుకన్న మాట దగ్గరే రామచంద్రానికి చిక్కొచ్చింది. చెల్లెలి మీద ప్రేమతో నౌకరి వదులుకున్నానని హనుమండ్లు ఇన్నేళ్లుగా ఊరంతా చెప్పుకున్నాడు. పెళ్లిళ్లలో ఆ మాట మీదే ముందు వరుసలో కూర్చునేవాడు. జరిగిందేమిటో రామచంద్రానికి ఒక్కడికే తెలుసు, కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. ఇప్పుడు తన ఎండ కోసం బావ పరువు తీయాలా?

చెప్పిన రోజుకి హనుమండ్లు ఇస్త్రీ ధోతీ కట్టుకుని కోర్టు దగ్గరికొచ్చాడు. ఓంప్రకాశ్ పెన్ను తీశాడు.

"నౌకరి ఎందుకు చెయ్యలే కాకా?"

"చెల్లె మీది ప్రేమతోని అని రాయి," అన్నాడు రామచంద్రం గబగబా.

హనుమండ్లు ఆ పెన్నుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. ఉన్నది రాయి. భయపడ్డ. మొదటి దినమే కింద చీకటి జూసి ఏడ్సుకుంట మీదికచ్చిన. నా పేరు బావ మీదేసి ఉరికిన."

బాలలక్ష్మి వచ్చి అన్న పక్కన నిలబడింది. హనుమండ్లు బావ భుజం పట్టుకున్నాడు.

"నేను జూడాల్సిన చీకటంత నువ్వు జూసినవ్ బావా. ఇగ పో, ఎండల కూసో."

రామచంద్రానికి ఏడుపు ఆగలేదు. తువ్వాలతో మొహం తుడుచుకుని, పెన్ను తీసుకుని తన పేరు దగ్గర సంతకం పెట్టాడు. ఓంప్రకాశ్ కాయితం చూసి నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో కాకా! హనుమండ్లు అని జేసినవ్ సంతకం!"

హనుమండ్లు కళ్లు తుడుచుకుంటూ, పడీపడీ నవ్వుతూ ఇంకో స్టాంపు కాయితం తేవడానికి పోయాడు. రామచంద్రం ఒక చిత్తు కాయితం అడిగి తీసుకుని, అరవై ఒకటో ఏట తన పేరు రాయడం మొదలుపెట్టాడు.