వినకుండా అన్న ఊ

జనగామ స్టేషన్ రోడ్డులో శివప్రసాద్‌ది ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. తండ్రి నుంచి వచ్చింది. నేల నుంచి పైకప్పు దాకా బిందెలు, గుండిగలు, చెంబులు. మనిషి నడవడానికి మిగిలింది ఒక్క సందు. ఆ సందు చివర గల్లాపెట్టె దగ్గర కూర్చుని శివప్రసాద్ ఒకేసారి నాలుగు పనులు చేసేవాడు. భుజానికీ చెవికీ మధ్య ఒక ఫోను, ఎదురుగా ఇంకో ఫోనులో ధరలు, నోటితో బేరం, చేతిలో గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను. తనంతటి పనిమంతుడు జిల్లాలోనే లేడని అతని నమ్మకం. నమ్మకానికేం, పైసా ఖర్చు లేదు కదా.

శ్రావణంలో పెళ్లిళ్లు మొదలైన వారం ఆ నమ్మకానికి చిన్న సొట్ట పడింది. రుచిత అనే పెళ్లికూతురికి చుట్టాలు పెట్టే బిందె మీద పేరు చెక్కుతూ, లారీ నడిపే లచ్చిరాంతో ఫోనులో గొడవ పెట్టుకున్నాడు. "ఇను లచ్చిరాం, నీకెన్నిసార్లు చెప్పాలె లచ్చిరాం" అంటున్నంతసేపూ చేతిలో మిషను గుర్రుమంటూనే ఉంది. తీరా చూస్తే పెళ్లికూతురి బిందె మీద ముత్యాల్లాంటి అక్షరాలతో లచ్చిరాం అని ఉంది.

అతని భార్య కమల నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "గిప్పుడు లచ్చిరాంకు మల్ల పెండ్లి చేయాల్నా ఏంది?"

"ఊ," అన్నాడు శివప్రసాద్, అప్పటికే రెండో ఫోను అందుకుని.

ఈ ఊ సంగతి కొంచెం చెప్పాలి. ఎదుటివాడు ఊ కొడితేనే కథ సాగుతుందని పెద్దలంటారు. శివప్రసాద్ ఊ మాత్రం చెప్పేవాళ్లని సాగనంపడానికే పుట్టింది. కూర బాగుందా అంటే ఊ, చీర బాగుందా అంటే ఊ. చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు కనీసం ఊదేవాడి బుగ్గలు చూస్తాడు. ఇతను అదీ చూడడు.

ఒక పొద్దున కమల అతని పళ్లెంలో ఉప్మా పెడుతూ అంది. "ఐతారం మొగుళ్లపల్లి పోయొస్త. మా చిన్నమ్మతోని జర మాట్లాడాలె."

"ఊ."

"గా ముచ్చట చెప్పిన్నాడు మీరు మస్తు పరేషాన్ అయితరనుకున్న. మీరేమో 'ఊ, ఏం గాదు తియ్' అన్నరు. మీరు భయపడకపోయేసరికి నాకు గూడ ధైర్యమొచ్చింది. లేకుంటే ఏడ్చుకుంట కూసునేదాన్ని."

ఉప్మా గొంతుకు అడ్డం పడింది. ఏ ముచ్చట?

ఎంత తవ్వినా గుర్తు రాలేదు. అంతకు ముందు వారం ఆమె హన్మకొండ వెళ్లొచ్చింది, అది గుర్తుంది. వచ్చి పక్కన కూర్చుంది, చాలాసేపు ఏదో చెప్పింది. అతను ఫోనులో స్టీలు ధరలు చూస్తున్నాడు. ఆమె కొంగు అంచు ఆకుపచ్చ అని గుర్తుంది, పెదవులు కదలడం గుర్తుంది. ఒక్క మాట కూడా లేదు.

అడిగితే ఆ ఊ ఉత్తదని తేలిపోతుంది. పాపం, ఆమె ధైర్యమంతా దాని మీదే నిలబడి ఉంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉప్మా మింగాడు.

ఇక చేసేదేముంది, చూడటం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో అతను భార్యను అలా చూడటం అదే మొదలు. చూస్తే ఆమె చేసేవన్నీ వింతగానే ఉన్నాయి. పాలు పొంగే ముందు గిన్నె మీదికి వంగి అలాగే ఉండిపోతోంది. వాన పడితే వాకిట్లోకి వెళ్లి రేకుల కింద నిలబడుతోంది, బట్టలు తీయడానికి కాదు, ఊరికే. రోడ్డు మీద నడిచేటప్పుడు అటు తిరిగి ఇటు తిరిగి చివరికి అతని ఎడమ పక్కకే వచ్చి చేరుతోంది.

ఒక మధ్యాహ్నం స్టేషన్‌లోంచి గూడ్సు బండి పోతోంది. కమల పని ఆపి, దుకాణం మధ్యలో కళ్లు మూసుకుని నిలబడింది. ఎందుకో శివప్రసాద్ కూడా చెవి దగ్గర్నుంచి ఫోను తీసేశాడు. అప్పుడు వినపడింది. పట్టాల అదురు నేలలోంచి పాకి వచ్చి, దుకాణంలో ఉన్న ప్రతి పాత్రలోకీ దూరింది. చెంబులు సన్నగా, బిందెలు బొంగురుగా, గుండిగలు కడుపులోంచి, అన్నీ కలిసి మెల్లగా పాడుతున్నాయి. నిద్రలో ఎవరో జోల అందుకున్నట్టుంది. బండి వెళ్లిపోయాక కూడా మూలనున్న పెద్ద బిందె కాసేపు పాడుతూనే ఉంది. పుట్టినప్పటి నుంచి ఈ దుకాణంలోనే ఉన్నాడు, ఒక్కనాడూ వినలేదు. కమల కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. అతనికి భయం వేసింది, నిజంగా వేసింది.

శుక్రవారం తరిగొప్పుల నుంచి ఎల్లక్క వచ్చింది. ఎప్పటి నుంచో వీళ్ల దగ్గరే కొనే మనిషి. చంకలో ఇత్తడి బిందె.

"ఏంది సేటూ గిట్ల చేసిన్రు? నీళ్లు పోస్తే అన్ని కారిపోతున్నయి. కమలమ్మ కొట్టి చూసి ఇచ్చిందని కండ్లు మూసుకుని కొంటపోయిన."

కొట్టి చూడటమంటే ఆ దుకాణంలో ముద్ర వేసినంత. ఏ బిందె అమ్మినా ముందుగా కమల దాన్ని గోటితో కొట్టి వినేది. మంచిదైతే కంగున మోగి చాలాసేపు నిలుస్తుంది. కంటికి కనపడని పగులున్నా మోత చచ్చిపోతుంది. ఆమె చేతి మీదుగా పగిలిన బిందె బయటికి పోవడం ఇదే మొదలు. శివప్రసాద్ ఆ బిందెను గోటితో కొట్టాడు. కుండ పెంకు చప్పుడు. చంటిపిల్ల కూడా చెప్పగలదు.

కమలకు వినపడలేదు.

పాలు, వాన, గూడ్సు బండి, తన ఎడమ పక్క నడక, అన్నీ వచ్చి అతని గుండెల్లో ఒకేసారి పడ్డాయి. ఎల్లక్కకు ఇంకో బిందె ఇచ్చి పంపాడు. తర్వాత ఫోను మోగినా అలాగే కూర్చున్నాడు.

ఆదివారం, పెళ్లిళ్ల కాలంలో, శివప్రసాద్ దుకాణం మూసి భార్యతో బస్సెక్కాడు. దారి పొడవునా ఆమెకు కుడిపక్కనే కూర్చున్నాడు. మొగుళ్లపల్లిలో చిన్నమ్మ అడుగుల చప్పుడు విని లోపలి నుంచే, "ఎవలూ, మా కమలవ్వేనా?" అని పిలిచింది. కమల గడపలోనే ఆగి, "మల్లొకపారి పిలువు చిన్నమ్మా," అంది. ముసలామె నవ్వి మళ్లీ పిలిచింది.

తిన్నాక ఇద్దరూ చిన్నమ్మ వాళ్ల పొలం వైపు నడిచారు. నాట్లు అయిపోయాయి. మబ్బు కమ్మి ఉంది, మధ్యాహ్నమో సాయంత్రమో తెలియని వెలుగు. కాలువ నీళ్లు పై మడిలోంచి కింది మడిలోకి దూకే చోట గట్టు మీద కూర్చున్నారు.

"కమలా," అన్నాడు. "గా దినం నువ్వు చెప్పింది నేను ఇనలే."

"నాకెరుకే."

"ఎరుకనా? మరి ధైర్యమొచ్చిందంటివి."

"వచ్చింది. మీరు ఇనలేదని తెల్వక కాదు. గా ఊ తప్ప పట్టుకోనీకి నాకు ఇంకేం దొరకలే."

శివప్రసాద్ ఏడ్చాడు. మగవాడినని, సేటునని ఏమీ చూసుకోకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. ఆమె అతని వీపు నిమిరింది.

"ఎడమ చెవి మొత్తం పోయింది. కుడిది గూడ మెల్లెగ పోతదన్నడు డాక్టరు. చెవిల మిషను పెడితే చప్పుడైతే వస్తదట. గానీ గొంతు గొంతు లెక్క ఉండదట. అందుకే ఉన్నన్ని దినాలు అన్ని ఇని దాసుకుంటున్న. వాన అయింది, బండి అయింది, ఇయ్యాల చిన్నమ్మ పిలుపు అయింది. మీ గొంతే మిగిలింది." ఆమె అతని వైపు తిరిగింది. "మీ గొంతు యాది చేసుకుందామంటే నాకు ఊ ఒక్కటే వస్తది. ఇంకేదన్న చెప్పుండ్రి. ఏదైనా సరే."

పొద్దంతా నలుగురితో నాలుగు మాటలాడే మనిషికి ఒక్క మాట దొరకడం కష్టమైంది. ఆమె కుడి చెవి దగ్గరికి జరిగాడు.

"నీ పెండ్లి సామాను కొననీకి మీ బాపుతోని మా దుకాణానికి వచ్చినవ్," అని మొదలుపెట్టాడు.

"ఊ," అంది కమల.

"అప్పటికి పిలగాడు ఎవలో మీకే తెల్వది. ముందుగాల బిందెలు కొందామని వచ్చిన్రు."

"ఊ."

"నువ్వు ఒక్కో బిందె గోటితోని కొట్టి చూస్తున్నవ్. ఒక్కటి మోత సక్కగ లేదని పక్కకు పెట్టినవ్. మా నాయిన దాన్ని కొట్టి చూసి, నా దిక్కు చూసిండు. 'గీ పిల్ల మన దుకాణంల ఉండాలెరా' అన్నడు. నేను అప్పుడు..."

అతని జేబులో ఫోను మోగింది. పొలమంతా వినపడేలా మోగింది.

"ఫోను," అంది కమల. "లచ్చిరాం గావచ్చు. ఎత్తుండ్రి."

"ఏ ఫోను? నాకేం ఇనవడ్తలేదు," అన్నాడు శివప్రసాద్.

ఫోను మోగి మోగి ఆగిపోయింది. నీళ్లు దూకుతూనే ఉన్నాయి. కమల కుడి చెవి ఇంకొంచెం దగ్గరికి తెచ్చింది.

"ఊ," అంది. "చెప్పుండ్రి మరి. అప్పుడు మీరేమన్నరు?"