గట్టు దాటిన బొగ్గు

నేను ఒక బొగ్గుముక్కను. పొయ్యిలోకి కాదు, మట్టిలో ఉండడానికి తయారయ్యాను. అంతకుముందు పరకాల దగ్గర బుచ్చమ్మ చేనులో పత్తికట్టెను. పత్తి ఉన్నన్నాళ్లూ మా చుట్టూ తిరిగిన మనుషులు, ఏరడం అయిపోగానే మమ్మల్ని చెత్త అన్నారు.

ఏటా బుచ్చమ్మ ఆ కట్టెకు చేనులోనే నిప్పు పెట్టేది. నిరుడు గాలి తిరిగి మంట గట్టు దాటింది. పక్క రైతు సారయ్య కొట్టం కాలింది. అందులో కట్టేసిన ఎద్దు చచ్చిపోయింది. ఆమె ఏడుస్తూ ఆయన కాళ్లు పట్టుకోబోయింది. ఆయన వెనక్కి జరిగాడు. తర్వాత వాళ్లకు మాటల్లేవు.

ఈ ఏడు నిప్పంటేనే ఆమెకు వణుకు. వ్యవసాయ అధికారిణి ఒకామె వచ్చి, గుంత తవ్వి అందులో పొరలు పొరలుగా కాల్చమని, బూడిద కాకముందే నీళ్లు పోసి ఆర్పమని చెప్పింది. ఆ బొగ్గును బయోచార్ అంటారట. పొలంలో కలిపితే, పొగై గాలిలోకి పోవాల్సిన కర్బనం వందల ఏళ్లు నేలలోనే ఉండిపోతుందట. బుచ్చమ్మ చెవికెక్కింది ఒక్కటే: మంట గుంత దాటదు.

కాల్చిన రోజు సారయ్య నీళ్ల బిందెతో గట్టు మీద కాపలా నిలబడ్డాడు. మేము ఎర్రగా కాగాం. పైన తెల్లగా బూడిద తేలడం మొదలైంది. బుచ్చమ్మ బోరు మోటారు వేస్తే గుర్రుమని ఆగిపోయింది. ఇంకాసేపైతే మేమంతా బూడిదే. ఆమె సారయ్య వైపు చూసింది గానీ అడగలేకపోయింది. ఆయన బిందె గట్టు మీద పెట్టి తన చేనులోకి వెళ్లాడు. తర్వాత తన బోరు పైపు ఈడ్చుకొచ్చాడు.

"నీ కోసం గాదు. కొత్త కొట్టం కోసం," అన్నాడు, గుంతనే చూస్తూ.

"దేనికోసమైతేంది, నీళ్లు పొయ్, అన్నా."

చల్లారాక ఆమె మమ్మల్ని ఒక బస్తాలో నింపి ఆయన కొట్టం ముందు దించి వెళ్లిపోయింది. చాలా రోజులు అలాగే పడి ఉన్నాం. తొలకరి ముందు సారయ్య మమ్మల్ని పేడలో నానబెట్టి మిరప చేనులో కలిపాడు.

నారు నాటే రోజు బుచ్చమ్మ పిలవకుండానే వచ్చి వరుస పట్టింది. ఆయన వద్దనలేదు. మధ్యాహ్నం అందరూ చెట్టు కింద కూర్చుంటే, ఆమె ఎండలోనే టిఫిన్ డబ్బా విప్పింది.

"నీడకు రా, చెల్లె," అన్నాడు సారయ్య.

ఆమె టిఫిన్ పట్టుకుని లేచింది. ఆ అడుగులకు నా పైన మట్టి కాస్త అణిగింది. నేను తడిగానే ఉన్నాను. మిరప వేర్లు ఇంకా నా దాకా రాలేదు. నాకు తొందరేమీ లేదు.